షుగర్ ఉన్నవాళ్లు బరువు తగ్గడానికి భోజనం మార్చుకునే పద్ధతి: అడుగడుగునా వివరంగా

షుగర్ ఉందని తెలిసిన మొదటి వారంలోనే చాలా ఇళ్లలో అన్నం బంద్ అవుతుంది. రెండు పూటలా పుల్కాలు, పొద్దున్నే కాకరకాయ రసం, సాయంత్రం రాగి జావ మొదలవుతాయి. నెల తిరిగేసరికి ప్రాణం విసిగిపోయి మళ్లీ పాత భోజనానికే వస్తారు. తగ్గిన రెండు కిలోలూ తిరిగొస్తాయి, ఒక్కోసారి ఇంకో కిలో తోడుతో.

మన భోజనంలో అసలు చిక్కు అన్నం వాటాలో ఉంది. పప్పు, కూర, చారు, పెరుగు అన్నీ అన్నం దిగడానికి సాయంగా తింటాం. ఈ వరుసను తిరగేసి, కూరకూ పప్పుకూ అన్నం తోడుగా ఉండేలా చూసుకుంటే బరువూ తగ్గుతుంది, షుగరూ దారికొస్తుంది. కిందున్నదంతా ఆ మార్పు ఎలా చేసుకోవాలో చెప్పడానికే. ఇది టైప్ 2 షుగర్ ఉండి, బరువు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్ల కోసం. టైప్ 1 ఉన్నవాళ్లు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పిన ఆహారమే పాటించాలి. ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే మాత్రం సంతోషించకండి. షుగర్ బాగా పెరిగిపోయినప్పుడు అలా జరుగుతుంది, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఎంత తగ్గాలి?

భారతీయులకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు రావడం మనలో ఎక్కువ. ఆ పొట్ట లోపలి కొవ్వే కాలేయంలోనూ క్లోమంలోనూ పేరుకుని ఇన్సులిన్ పనిని పాడుచేస్తుంది.

మొదటి గురి చిన్నదిగా పెట్టుకోండి. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా షుగర్, బీపీ రెండింటిలోనూ తేడా కనిపిస్తుంది. 80 కిలోల మనిషికి అది 4 కిలోలు. అది దాటాక 10 శాతం గురించి ఆలోచించవచ్చు. 2017లో బ్రిటన్‌లో వెలువడిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లను ఎంచుకుని బరువు తగ్గించారు. ఏడాదికి వాళ్లలో 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలో అయితే 86 శాతం మందికి. అక్కడ మొదట్లో రోజుకు దాదాపు 850 కేలరీల ప్రత్యేక ఆహారం డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చారు, అది ఇంట్లో సొంతంగా చేయాల్సిన పని కాదు. కానీ బరువుకీ షుగర్‌కీ ఎంత గట్టి ముడి ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. షుగర్ వచ్చిన తొలి ఏళ్లలోనే ఈ పని పెట్టుకుంటే ఫలితం ఎక్కువ.

మొదటి అడుగు: మందుల చీటీతో డాక్టర్ దగ్గరికి

ఈ అడుగు వదిలేసి కంచం మీదికి వెళ్లకండి. తిండి తగ్గించి, మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఈ భయం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు చాలా తక్కువ. మన దగ్గర ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఇస్తుంటారు కాబట్టి స్ట్రిప్ వెనక ఉన్న పేర్లు చదవండి, లేదా మందుల షాపులో చదివించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతున్నవాళ్లు పిండి పదార్థాలు పూర్తిగా మానేయడం, రోజుల తరబడి ఉపవాసం ఉండటం చేయకూడదు. షుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నా రక్తంలో కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. కొబ్బరి నూనె, సూపులతో చేసే డైట్‌లకు దిగేముందు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి.

డాక్టర్‌ను అడగాల్సింది ఇది: "భోజనంలో అన్నం సగానికి తగ్గిస్తున్నానండీ, మాత్ర మోతాదు మార్చాలా?" అదే రోజు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించుకోండి. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియకుండా పప్పు, గుడ్లు పెంచకూడదు. కంటి రెటీనా పరీక్ష కూడా చేయించండి. రెటీనా ముందే దెబ్బతిని ఉంటే, ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా తగ్గినప్పుడు అది కొంతకాలం ముదిరే అవకాశం ఉంది.

షుగర్ పడిపోతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలియాలి. చెమటలు, వణుకు, గుండెదడ, ఆగలేని ఆకలి, మాట తడబడటం గుర్తులు. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగాలి. వోగ్లిబోస్, అకార్బోస్ కలిసిన మాత్రలు వాడేవాళ్లకు మామూలు చక్కెర త్వరగా ఎక్కదు, గ్లూకోజ్ పొడే ఉండాలి. చాక్లెట్ ఇవ్వకండి, అందులో కొవ్వు ఉండటంతో ఆలస్యంగా పనిచేస్తుంది. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండో అడుగు: ఒక వారం లెక్క రాయడం

ఈ వారం ఏమీ మార్చకండి. తిన్నది తిన్నట్టు, గంటతో సహా రాయండి. ఒక్క పని మాత్రం అదనంగా చేయాలి. కంచంలో వడ్డించుకున్న అన్నాన్ని తినేముందు ఒక చిన్న గిన్నెతో కొలిచి, ఎన్ని గిన్నెలో రాసుకోండి. దాదాపు 150 గ్రాముల అన్నం పట్టే గిన్నె అయితే మేలు. అందులో 40 గ్రాములకు పైగా పిండి పదార్థం, దాదాపు 200 కేలరీలు ఉంటాయి. "నేను తినేదే గుప్పెడు" అనుకునేవాళ్లకు కూడా మధ్యాహ్నం మూడు నాలుగు గిన్నెలు తేలడం మామూలే.

లెక్కలోకి రాని తిండి ఎక్కువగా వంట చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. పిల్లలు వదిలేసిన సగం దోశ, రుచి చూసిన రెండు బజ్జీలు, పారేయలేక తినేసిన గిన్నె అడుగు అన్నం, టీవీ ముందు గుప్పెడు మిక్చర్. ఇవి రాస్తేనే కనబడతాయి. నాకు తెలిసి బరువు తగ్గని ఆడవాళ్లలో చాలామంది కంచంలో తక్కువే తింటారు, మిగిలింది వృథా కాకూడదనే తాపత్రయమే వాళ్లను ముంచుతుంది. దానికి పరిష్కారం వండే బియ్యం తగ్గించడమే. ఇంటికంతా మూడు గ్లాసులు పోసే చోట రెండున్నర పోయండి.

మూడో అడుగు: తాగేవి, చిరుతిళ్లు

ఇది తేలిక. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల చక్కెర అంటే ఎనిమిది స్పూన్లు, సుమారు 130 కేలరీలు. టీలు రెండుకు తగ్గించి, చక్కెర వారానికి అర స్పూను చొప్పున తగ్గిస్తూ పోండి. నాలుక అలవాటు పడుతుంది. బెల్లం, తాటిబెల్లం, తేనె ఏవీ షుగర్‌కు మంచివి కావు, రక్తంలోకి వెళ్లాక ఇవన్నీ చక్కెర చేసే పనే చేస్తాయి. పళ్లరసాలు మాని పండు కొరికి తినండి. డయాబెటిక్ బిస్కెట్ అని రాసి ఉన్నా అందులో పిండీ కొవ్వూ ఉంటాయి. సాయంత్రం ఆకలేస్తే ఉడికించిన శనగలు, మొలకెత్తిన పెసలు, జామకాయ, పల్చటి మజ్జిగ చాలు.

నాలుగో అడుగు: కంచం తిరగేయడం

అసలు పని ఇక్కడే. మన భోజనంలో అన్నం ఒక్కసారి రాదు. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం అని నాలుగు వాయిలుగా వస్తుంది. ప్రతి వాయికీ కాస్త వడ్డించుకుంటాం. ఏ వాయీ ఎక్కువనిపించదు, కానీ నాలుగూ కలిపితే కొండంత అవుతుంది.

కాబట్టి అన్నం ఒక్కసారే, గిన్నెతో కొలిచి పెట్టుకోండి. మారు వడ్డన కూరకే. పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పు గానీ గుడ్డు, చేప, చికెన్ గానీ, మిగతా పావులో అన్నం ఉండాలి. ఉన్నపళంగా ఈ కొలతకు రాకండి. నాలుగు గిన్నెలు తినేవాళ్లు పది రోజులు మూడు గిన్నెలకు రండి, తర్వాత రెండు, ఆ తర్వాత ఒకటిన్నర. తగ్గించిన ప్రతి గిన్నె అన్నానికీ ఒక గిన్నె కూర చేర్చాలి. చేర్చకపోతే సాయంత్రం నాలుగింటికి ఆకలి తట్టుకోలేక చేతికందింది తింటారు.

ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. కూర ఎక్కువ తినమంటే "అంత కూర ఎలా తింటాం, ఉప్పూ కారం మండిపోతుంది" అంటారు. నిజమే. మనం వండే కూర అన్నంలో కలుపుకోవడానికి వండింది. ముద్దలో కలిస్తే సరిపోయేలా దాంట్లో ఉప్పు, కారం, పులుపు, నూనె వేస్తాం. విడిగా గిన్నెడు తినాలంటే వండే తీరే మారాలి. ఉప్పు, కారం, చింతపండు మూడో వంతు తగ్గించండి. ఉదాహరణకి గోరుచిక్కుడు తీసుకోండి. కిలో కాయ తుంచి, కొద్దిగా పసుపుతో మెత్తబడేదాకా ఉడికించి నీళ్లు వంపేయాలి. బాణలిలో నలుగురికి నాలుగు టీస్పూన్ల నూనె పోసి ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, దండిగా కరివేపాకు, నలగ్గొట్టిన వెల్లుల్లి వేయించాలి. ఉడికిన కాయ, సగం ఉడికించిన పెసరపప్పు గుప్పెడు కలిపి, చివర ఉప్పు చల్లి దించాలి. ఇది స్పూనుతో గిన్నెడు తినొచ్చు. బీరకాయ, సొరకాయ, క్యాబేజీ, చిక్కుడు, దొండ, తోటకూర అన్నీ ఇలాగే చేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు మనిషికి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి అది రోజుకు కిలోన్నర పైనే, అంటే మార్కెట్ సంచీ ఇప్పటికన్నా బరువుగా ఉండాలి. సీజన్‌లో చవగ్గా వచ్చే కాయలే కొనండి. బంగాళాదుంప, చేమదుంప, కంద, చిలగడదుంప మాత్రం అన్నం వాటాలోకి వస్తాయి, కూర వాటాలో వేసుకోకండి.

తినే వరుస కూడా ముఖ్యం. ముందు కూర, పప్పు కొంత తిని, ఆ తర్వాత అన్నం మొదలుపెడితే భోజనం తర్వాత షుగర్ అంత ఎత్తుకు పోదు. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పప్పును గిన్నెలో తినడం వింతగా ఉంటుంది గానీ, ముద్దపప్పు కాకుండా ఆకుకూర పప్పు కొంచెం జారుగా చేసుకుంటే హాయిగా తినొచ్చు. 30 గ్రాముల కందిపప్పులో ఒక గుడ్డులో ఉన్నంత ప్రోటీన్ ఉంటుంది. పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టే ఉండదనేవాళ్లు కొలిచి పెట్టుకున్న అన్నంలోంచే రెండు చెంచాలు పక్కకు తీసి ఉంచుకోండి. పెరుగు ఎక్కువ, అన్నం తక్కువ. ఊరగాయ నంజుకున్న కొద్దీ అన్నం కావాలనిపిస్తుంది, కాబట్టి మొదటి నెలంతా జాడీ భోజనం దగ్గరికి రానివ్వకండి.

ఆదివారం కోడికూర రోజు జాగ్రత్త. పులుసు రుచికి అన్నం రెండింతలు దిగుతుంది. ముక్కలు నాలుగు ఎక్కువ వేసుకోండి, అన్నం గిన్నె కొలత మాత్రం దాటించకండి.

ఐదో అడుగు: టిఫిన్

పొద్దున టిఫిన్‌లో మనకు పిండి తప్ప ఇంకేమీ ఉండదు. ఇడ్లీ మంచిదే అంటారు, ఆవిరి మీద ఉడుకుతుంది కాబట్టి నూనె లేదు, నిజమే. కానీ ఐదు ఇడ్లీలు తింటే షుగర్ పెరగకుండా ఉండదు. రెండు ఇడ్లీలు, గిన్నె నిండా ముక్కలున్న సాంబారు, ఒక గుడ్డు పెట్టుకోండి. పల్లీ చట్నీ రెండు స్పూన్లు దాటొద్దు. పెసరట్టు షుగర్ వాళ్లకు చాలా అనువైన టిఫిన్, పొట్టు పెసలతో, ఉల్లి, అల్లం వేసి, ఉప్మా లేకుండా. ఉప్మా చేస్తే రవ్వ ఎంతో కూరగాయ ముక్కలు అంతకు రెట్టింపు వేయండి. రాయలసీమ ఉగ్గాని, తెలంగాణ సర్వపిండి, ఆదివారం పూరీ నెలకోసారి చాలు.

రాగి జావ మీద మనకున్న నమ్మకం కొంచెం తగ్గించుకోవాలి. మెత్తటి పిండిని పల్చగా కాచి తాగితే అది త్వరగా అరిగి షుగర్‌ను త్వరగానే పెంచుతుంది. రాగులు మంచివే, అయితే రొట్టెగానో, కూరతో కలిపి చిన్న ముద్దగానో తింటే మేలు.

ఆరో అడుగు: ఏ బియ్యం, ఏ గింజ

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048 రకం, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 51 దగ్గర ఉంటుంది. 55 లోపుంటే తక్కువ కింద లెక్క. రుచికి బీపీటీ సన్నబియ్యానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇంటిల్లిపాదీ అదే తినొచ్చు. కానీ కేలరీలు మామూలు బియ్యంలో ఉన్నన్ని ఇందులోనూ ఉంటాయి. కొర్రలు, సామలు, అరికెలు, జొన్నలు కూడా అంతే. పీచు ఎక్కువ కాబట్టి కడుపు త్వరగా నిండుతుంది, షుగర్ కొంచెం నిదానంగా పెరుగుతుంది, అంతవరకే మేలు. "కొర్రలే కదా" అని కడుపునిండా తింటే బరువు తగ్గదు. రాత్రికి ఒకటి రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు కూర, కాస్త పెరుగు చాలామందికి బాగా కుదిరే పద్ధతి.

ఏడో అడుగు: నూనె

నూనె గ్రాముకు 9 కేలరీలు, అది ఏ నూనె అయినా సరే. కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడు దానిమీద తేదీ రాయండి. నలుగురికి నెలకు ఐదు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకు 38 గ్రాముల చొప్పున, అంటే సుమారు 340 కేలరీలు వెళ్తున్నాయి. బరువు తగ్గాలంటే మనిషికి నెలకు అర లీటరు, మహా అయితే ముప్పావు లీటరు దగ్గర ఆపాలి. వేపుళ్లు వారానికి ఒక్కసారికి తగ్గిస్తే సగం పని అయిపోతుంది. డబ్బాలోంచి నేరుగా బాణలిలోకి వంచకుండా టీస్పూనుతో కొలిచి పోయడం రెండోది.

రాత్రి భోజనం, నడక

తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకునే అలవాటు ఉంటే భోజనాన్ని వారానికి పావుగంట చొప్పున ముందుకు జరపండి. ఎనిమిదికల్లా తినగలిగితే బాగుంటుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి, డాబా మీదైనా, వీధిలోనైనా. భోజనం తర్వాత పెరిగే షుగర్‌ను ఈ చిన్న నడక దింపుతుంది. అయితే ఇన్సులిన్ గానీ, ముందు చెప్పిన గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు రాత్రి భోజనం మానేయడం లాంటివి చేయకూడదు, నిద్రలో షుగర్ పడిపోతే తెలియదు.

ఒక్కపొద్దులు, పెళ్లిళ్లు, మామిడిపళ్లు

శనివారం ఒక్కపొద్దు అని అన్నం మాని రాత్రికి నాలుగు దోశలు తింటే అన్నం తిన్న రోజుకంటే ఎక్కువే లోపలికి వెళ్తుంది. ఉండాలనుకుంటే రెండు పుల్కాలు, కూర, మజ్జిగతో ఉండండి. రంజాన్ ఉపవాసాలు పాటించేవాళ్లు నెల ముందే డాక్టర్‌తో మాట్లాడి మందుల వేళలు మార్పించుకోవాలి.

పెళ్లి భోజనానికి ఆకలితో మాడిపోయి వెళ్లకండి. ఇంట్లో గ్లాసు మజ్జిగ, గుప్పెడు శనగలు తిని వెళితే చెయ్యి అదుపులో ఉంటుంది. పులిహోర, బిర్యానీ, తెల్లన్నం మూడింటిలో ఒకటే ఎంచుకోండి. బూరె కావాలంటే సగం తినండి, అన్నం ఆ మేరకు తగ్గించండి. చుట్టాలు బలవంతం చేస్తే "కడుపు నిండిందండీ" అని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం మర్యాద తక్కువేం కాదు. మామిడిపండు వేసవంతా మానేయక్కర్లేదు. రెండు మూడు ముక్కలు, భోజనంతో కాకుండా విడిగా, ఆ పూట అన్నం తగ్గించుకుని తినొచ్చు.

చివరి అడుగు: కొలుచుకోవడం

బరువు వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున్నే చూసుకోండి. వారానికి అర కిలో తగ్గితే బాగా తగ్గుతున్నట్టే. నడుము నెలకోసారి టేపుతో కొలవండి. బరువు ఆగిపోయిన వారాల్లో కూడా నడుము తగ్గుతూ ఉండొచ్చు. నాలుగు వారాలు రెండూ కదలకపోతే మళ్లీ ఒక వారం లెక్క రాయండి. సాధారణంగా గిన్నె కొలత మెల్లగా పెరిగిందనో, మిక్చర్ డబ్బా తిరిగి వచ్చిందనో తేలుతుంది.

గ్లూకోమీటర్‌ను భోజనం మీద పరీక్షకు కూడా వాడుకోండి. తినేముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి చూసి, ఏం తిన్నారో పక్కన రాసుకోండి. రెండు గంటల తర్వాత 180 లోపు ఉండటం చాలామందికి పెట్టే గురి, మీ గురి ఎంతో మీ డాక్టర్ చెబుతారు. ఇడ్లీకి ఎంత పెరిగింది, పెసరట్టుకు ఎంత పెరిగింది, ఒకటిన్నర గిన్నె అన్నానికి ఎంత అన్నది మీ ఒంటికి మాత్రమే తెలిసిన విషయం. పక్కింటివాళ్లకు పడింది మీకు పడకపోవచ్చు.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించి, ఈ లెక్కలన్నీ రాసుకున్న పుస్తకంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షుగర్ తగ్గితే మాత్రలు తగ్గించాల్సింది ఆయనే, మీ అంతట మీరు ఆపకండి. 90 కంటే తక్కువ రీడింగ్‌లు పదే పదే వస్తున్నా, నీరసంగా ఉంటున్నా మాత్రం మూడు నెలలు ఆగకుండా ఆ వారమే ఫోన్ చేసి అడగండి.